ఎఫ్.ఎమ్. పాటల వెనక దాగిన ఛానెల్స్ మన వైపు దొరుకుతాయా?

పాటతో పాటు మామూలు రేడియోకి వినబడని ఛానెల్స్ కూడా ఎఫ్.ఎమ్.లో వస్తాయట, మన గోదావరి జిల్లాల్లో పట్టొచ్చా అని అడిగారు. కొన్ని పట్టొచ్చండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, ఇంట్లోనే చూశాను.

మనం వినే మాట, పాట 15 కిలోహెర్ట్జ్ లోపే అయిపోతాయి. ఆ పైన 19 దగ్గర పైలట్ టోన్ (ఇది స్టీరియో అని రేడియోకి చెప్పే గుర్తు), 38 చుట్టూ స్టీరియో తేడా సిగ్నల్ (ఎడమ, కుడి శబ్దాల మధ్య తేడా), 57 దగ్గర ఆర్.డి.ఎస్. అనే డేటా సిగ్నల్ ఉంటాయి. కారు స్టీరియోలో స్టేషన్ పేరు కనబడేది ఆర్.డి.ఎస్. వల్లే. అది సెకనుకి 1187.5 బిట్లు మాత్రమే మోస్తుంది, అందుకే పేరు పడటానికి కాస్త టైము పడుతుంది. 67, 92 దగ్గర వేరే ఆడియో పంపడం అమెరికాలో బాగా నడిచింది, దుకాణాల్లో వినిపించే సంగీతం అలాగే వెళ్లేది.

నాకు దీని మీద మనసు పడటానికి కారణం వేరే ఉంది. 1969లో మిన్నెసోటాలో ఇలాంటి దాగిన ఛానెల్ (సబ్‌క్యారియర్ అంటారు) మీద చూపులేనివాళ్ల కోసం చదివి వినిపించే సర్వీసు మొదలెట్టారు. వినడానికి ప్రత్యేకంగా రిసీవర్లు ఇచ్చేవారు. మా తాతయ్యకి చూపు పోయాక సాయంత్రాలు అరుగు మీద పేపరు నేనే చదివేవాణ్ణి. నేను కాలేజీకని కాకినాడ వెళ్లిపోయాక ఆయనకి చదివేవాళ్లు లేకపోయారు. ఆ సర్వీసు గురించి తెలిసిన రోజు చాలాసేపు ఆయనే గుర్తొచ్చారు.

మీరు చూడాలంటే ఆర్.టి.ఎల్. ఎస్.డి.ఆర్. డాంగిల్, అంటే కంప్యూటర్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్ చాలు. డీమాడ్యులేట్ అయిన సిగ్నల్‌ని (రేడియో తరంగం నుంచి విడదీసినదాన్ని) డీ-ఎంఫసిస్ (పై ఫ్రీక్వెన్సీలని తగ్గించే ఫిల్టర్) ఆపేసి స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత బలముందో చూపే గ్రాఫులో చూడండి. ఆ సిగ్నల్ శాంపుల్ రేటు (సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) కనీసం 192 కిలోహెర్ట్జ్ అయినా లేకపోతే 92 కనబడదు.

మొదట నాకు 19 తప్ప ఏదీ కనబడలేదు. డాంగిల్ పాడైందనుకున్నాను. తప్పు యాంటెన్నాది. ఎఫ్.ఎమ్.లో పైకి పోయేకొద్దీ హోరు పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ రెండింతలైతే హోరు శక్తి నాలుగింతలు. సిగ్నల్ బలం తగ్గినా పాట బాగానే వినబడుతుంది, పై ఛానెల్స్ మాత్రం ముందే హోరులో మునిగిపోతాయి. మీటరున్నర రాగితీగని సగానికి కోసి, మధ్యలో కేబుల్ టీవీ వైరు అతికి, వెదురు గెడకి కట్టి డాబా మీద కొబ్బరి మట్టలకి పైన నిలబెట్టాను. అప్పుడు రాజమండ్రి స్టేషన్‌లో 38, 57 రెండూ తేటగా లేచాయి.

67, 92 దగ్గర మాత్రం నాకు ఇంతవరకూ ఏమీ దొరకలేదు. మీకు అక్కడ చిన్న గుట్టలాంటిది కనబడితే స్టేషన్, టైము రాసి పెట్టండి, నేనూ అదే టైముకి పట్టి చూస్తాను.