వల లేని గోలు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన కథనం రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి భోజనాలయ్యాక ఏకబిగిన చదివేశాను. రెండోసారి తెల్లవారాక పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. 1872 మార్చి 16న లండన్‌లో, కెన్నింగ్టన్ ఓవల్ మైదానంలో జరిగిన మొట్టమొదటి ఎఫ్.ఎ. కప్ (ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం పోటీ) ఫైనల్ గురించి రాయాలన్న ఆలోచనే నాకు ఎంతో నచ్చింది. నూట యాభై ఏళ్ల కిందటి ఆట మీద మనసు పారేసుకున్న పిల్ల మన భాషలో ఒకతి ఉందని సంతోషపడ్డాను. అందుకే ఉన్నదున్నట్టు చెబుతాను, నొచ్చుకోకు.

మూడో పేజీలో "బంతి మెరుపులా దూసుకెళ్లి వలలో పడింది, స్టేడియం దద్దరిల్లింది" అని రాశావు. వల లేదమ్మా. గోలుకు వల కట్టడం 1891 దాకా రాలేదు. ఆ రోజు గోలుకు పైన అడ్డకర్ర కూడా లేదు. ఎనిమిది గజాల ఎడంలో పాతిన రెండు స్తంభాల మధ్య, ఎనిమిది అడుగుల ఎత్తున ఒక పట్టీ లాగి కట్టారు, అంతే. బంతి దాని కింద నుంచి పోయిందా, పై నుంచి పోయిందా అని కళ్లు చిట్లించి చూసుకోవాల్సిందే. అది స్టేడియమూ కాదు, క్రికెట్ మైదానం. తలకో షిల్లింగు ఇచ్చి లోపలికి వచ్చినవాళ్లు సుమారు రెండు వేల మంది. మన దగ్గర ఓ మోస్తరు తిరునాళ్లకు అంతకంటే ఎక్కువ జనం చేరతారు.

ఈ పొరపాటు నేనూ చేశాను. నీ వయసులో ఉన్నప్పుడు మా ఊళ్లో పూర్వం జరిగిన వాలీబాల్ పందేల గురించి ఒక వ్యాసం రాశాను. "వల కదిలిపోయేలా కొట్టాడు" అని ఒక వాక్యం. ఆ పందేల్లో ఆడిన పెద్దాయనకు చదివి వినిపిస్తే ఆయన మధ్యలో ఆపి, "వల ఎక్కడిది బాబూ, రెండు వెదుళ్లు పాతి బావి తాడు కట్టుకున్నాం. బంతి తాడు పైనుంచి పోయిందా, కింది నుంచి పోయిందా అని సగం పూట తగాదాలే" అన్నాడు. వల అని రాసేసరికి నా వ్యాసంలో ఆ తగాదాలన్నీ పోయాయి. అసలు ఆట అక్కడే ఉంది. ఆ రోజు నుంచి ఏ పాత సంగతి రాయాలన్నా, ముందు అక్కడ ఏమేమి లేవో ఒక కాగితం మీద రాసుకుంటాను. నువ్వూ ఆ పని చెయ్యి. వల లేదు, అడ్డకర్ర లేదు, పెనాల్టీ కిక్ లేదు, ఒకడు పడిపోతే వాడి బదులు మరొకణ్ని దింపడం లేదు. గోలు పడినప్పుడల్లా జట్లు వైపులు మార్చుకునేవి. ఇవన్నీ పక్కన పెట్టుకుని మళ్లీ చదువు, నీ వాక్యాలు ఎన్ని నిలబడతాయో నీకే తెలుస్తుంది.

ఇంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. నీ కథనంలో అందరికీ భవిష్యత్తు తెలిసిపోయింది. కెప్టెన్ చార్లెస్ ఆల్కాక్ "చరిత్ర పుటల్లోకి" అడుగుపెడుతున్నాడు. ప్రేక్షకులు "మహత్తర ఘట్టానికి సాక్షులు" అవుతున్నారు. ఆ మధ్యాహ్నం వాళ్లకు తెలిసింది అది మొదటి ఫైనల్ అని మాత్రమే. దాని వెనుక నూట యాభై వరుస కడతాయని ఎవరికి తెలుసు? అది ఎంత బక్కపలచని పోటీయో నువ్వు చూపించనే లేదు. ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి ఆల్కాకే. తాను చదివిన హారో పాఠశాలలో వసతిగృహాల మధ్య ఓడినవాళ్లను తప్పిస్తూ పోయే పోటీ ఒకటి ఉండేది. దాన్నే దేశానికంతా పెడదామని 1871 జులైలో ప్రతిపాదించాడు. పేర్లిచ్చిన క్లబ్బులు పదిహేను. వాటిలోనూ కొన్ని ఆడకుండానే తప్పుకున్నాయి. ఆల్కాక్ జట్టు వాండరర్స్, పేరుకు తగ్గట్టే సొంత మైదానమంటూ లేని సంచారి జట్టు, ఫైనల్ చేరడానికి గెలిచింది ఒకే ఒక్క ఆట. ఇలాంటి నిజం చేతిలో ఉండగా "అప్రతిహత జైత్రయాత్ర" ఎందుకమ్మా?

గ్లాస్గో జట్టు క్వీన్స్ పార్క్‌కు నువ్వు ఒక్క వాక్యం ఇచ్చావు. నాకు ఒక పేజీ కావాలి. సెమీఫైనల్ కోసం వాళ్లు చందాలు పోగుచేసుకుని లండన్ దాకా వచ్చారు. వాండరర్స్‌తో ఆడి ఒక్క గోలూ ఇవ్వలేదు, ఒక్క గోలూ కొట్టలేదు. మళ్లీ ఆడాలి, అదీ లండన్‌లోనే. చేతిలో డబ్బు లేదు. పోటీ వదులుకుని ఇంటికి పోయారు. "ఔత్సాహిక ఆటగాళ్లు" అని నువ్వు మాటిమాటికీ వాడిన పదం ఇక్కడ తేలిపోయింది చూడు. మన తెలుగులో ఆ మాట వింటే అప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు అనిపిస్తుంది. అప్పటి ఇంగ్లండులో దాని అర్థం వేరు. ఆట కోసం డబ్బు ముట్టనివాడు అని. వాండరర్స్‌లో ఆడినవాళ్లు ఎక్కువమంది హారో, ఈటన్ వంటి పెద్ద పాఠశాలల నుంచి వచ్చినవాళ్లు, వాళ్లకు ఆ నియమం గౌరవచిహ్నం. జీతం తీసుకుని ఆడటాన్ని సంఘం ఒప్పుకున్నది 1885లో. ఆ పెద్ద చర్చ అంతా నువ్వు వివరించనక్కర్లేదు. చందాలతో వచ్చి, గెలవకా ఓడకా, తిరుగు ప్రయాణం కట్టిన ఆ పదకొండు మందిని రైల్లో కూర్చోబెట్టు చాలు.

ఇక వాండరర్స్ ఆటగాడు బెట్స్. ఆ ఫైనల్లో పడిన ఒకే ఒక్క గోలు అతనిదే, ఆట మొదలైన పావుగంటకు. అతను "ఎ. హెచ్. చెకర్" అనే మారుపేరుతో ఆడాడు కదా, అందుకు నువ్వు ఒక కోపిష్ఠి తండ్రినీ, చాటుగా రాసిన ఉత్తరాన్నీ సృష్టించావు. నిజం దానికంటే ఎంత రుచిగా ఉందో చూడు. బెట్స్ హారో చెకర్స్ క్లబ్బు మనిషి. మొదటి రౌండులో వాండరర్స్‌తో తలపడాల్సి ఉండి, ఆడకుండా తప్పుకున్నది ఆ క్లబ్బే. అంటే తన జట్టు వదిలేసిన దారిలోనే అతను మరో జట్టుతో ఫైనల్ దాకా వచ్చాడు, వచ్చి "ఎ హారో చెకర్", అంటే "హారో చెకర్ ఒకడు" అని పొడి అక్షరాల్లో చెప్పుకున్నాడు. పేరే కథ చెబుతోంది, నువ్వు పక్కకు తప్పుకో.

అసలు నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం లెఫ్టినెంట్ ఎడ్మండ్ క్రెస్వెల్. అతనిది ఎదుటి జట్టు రాయల్ ఇంజినీర్స్, చాథంలోని సైనికాధికారులు. గెలుస్తారని అందరూ అనుకున్నది వాళ్లే. బంతిని ఒకడే కాళ్ల మధ్య పెట్టుకుని వీలైనంత దూరం దొర్లించుకుపోవడమే ఆట అనుకునే రోజుల్లో, ఒకరికొకరు అందించుకుంటూ ఆడటానికి పేరుపడ్డ జట్టు అది. (వాళ్లలో హెన్రీ రెన్నీ-టెయిల్యూర్ మన ముస్సోరీలో పుట్టినవాడు. ఈ ఒక్క తీగ పట్టుకుని భారతదేశాన్ని కథలోకి లాక్కురావాలని నీకు అనిపించవచ్చు, వద్దు.) ఆట మొదలై పది నిమిషాలైందో లేదో క్రెస్వెల్‌కు మెడ కింద ఎముక, కాలర్‌బోన్, విరిగింది. నువ్వు "గాయపడినా వీరోచితంగా పోరాడాడు" అని రాసి ముందుకు వెళ్లిపోయావు. ఆట గంటన్నర. పది తీసేస్తే ఎనభై నిమిషాలు. బదులు మనిషి లేడు. అతను చివరిదాకా మైదానంలోనే ఉన్నాడు.

ఆ ఎనభై నిమిషాలు రాయడం నేర్చుకో. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లు, లేదా పుత్తూరు కట్టు కట్టేవాళ్ల దగ్గర ఒక పూట కూర్చో. కాలర్‌బోన్ విరిగినవాడు ఏ చేతిని ఎలా పట్టుకుంటాడు, ఊపిరి పీల్చితే ఏమవుతుంది, పరుగెత్తితే ప్రతి అడుగు ఎక్కడ తగులుతుంది అని అడుగు. వాళ్లు చెప్పింది రాసుకో. క్రెస్వెల్ నోట్లో మాత్రం ఒక్క మాట పెట్టకు. "నా జట్టు కోసం" అని నువ్వు అతనితో అనిపించిన ఆ వాక్యాన్ని నేను రెండు గీతలతో కొట్టేశాను. విరిగిన ఎముకతో మైదానం అంచున నిలబడ్డవాడు మాట్లాడకపోతేనే మనకు వినిపిస్తాడు.

గాలిని కూడా మరిచిపోయావు. ఆల్కాక్ టాస్ గెలిచి ఎండా గాలీ తన జట్టు వీపున ఉండే వైపు తీసుకున్నాడు. గోలు పడగానే వైపులు మారాయి, గాలి ఇంజినీర్స్ వైపు వచ్చింది. అయినా వాళ్లు సమం చేయలేకపోయారు. ఆటలో ఉత్కంఠ కావాలని నువ్వు విశేషణాలు గుప్పించిన చోట ఈ గాలిని పెట్టు.

విజేతలు కప్పు ఎత్తిపట్టుకుని మైదానం చుట్టివచ్చిన దృశ్యం తీసెయ్యి. కప్పు ఆ రోజు ఇవ్వనేలేదు. ఏప్రిల్ 11న పాల్‌మాల్ రెస్టారెంటులో విందు పెట్టుకుని అక్కడ ఇచ్చారు. ఇరవై పౌండ్లకు చేయించిన చిన్న వెండి కప్పు. 1895లో బర్మింగ్‌హామ్‌లోని ఒక దుకాణం అద్దాల్లోంచి అది దొంగల పాలైందన్న సంగతితో ముగించావు. బాగుంది, కానీ అది వేరే కథ. ఇరవై మూడేళ్ల తర్వాతి దొంగతనం ఆ మార్చి మధ్యాహ్నానికి ఏమీ చెప్పదు.

ముగింపు కావాలంటే ఏడాది ముందుకు వెళ్లు, చాలు. 1873 మార్చి 29న రెండో ఫైనల్ లిల్లీ బ్రిడ్జిలో, వాండరర్స్‌కూ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికీ మధ్య జరిగింది. ఆట ఉదయమే పెట్టారు, ఎందుకంటే అదే రోజు థేమ్స్ నది మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల పడవ పందెం ఉంది. జనం అది చూడటానికి వెళ్లాలి. ఫుట్‌బాల్ కప్పు ఫైనల్ పడవల కోసం పక్కకు జరిగి, ముందుగానే ముగించుకుని దారి ఇచ్చింది. ఆ ఉదయాన్ని చివర్లో పెట్టి, మొదటి నుంచి మళ్లీ రాసి పంపు. డాక్టరు ఏం చెప్పాడో కూడా విడిగా ఒక కాగితం మీద రాసి జత చెయ్యి, నాకూ తెలుసుకోవాలని ఉంది.

ఆశీస్సులతో,
నీ బాబాయి