పనిచేసే కుక్కకు హార్నెస్: ముందు బకిల్ చూడండి

విదేశానికి కొత్తగా వచ్చి పొలాల్లోనో, పశువుల కొట్టాల్లోనో, గిడ్డంగుల కాపలాలోనో కుదిరినవారు అడిగే సందేహాల్లో ఇదొకటి: "కుక్కను అప్పగించారు, గట్టి హార్నెస్ కొనమన్నారు. ఏది కొనాలి?" హార్నెస్ అంటే కుక్క మెడకూ రొమ్ముకూ చుట్టి తొడిగే పట్టీల జత. అడిగేటప్పటికే చేతిలో ఒక జాబితా ఉంటుంది, అన్నిటికీ అయిదు నక్షత్రాలు. ఆ నక్షత్రాలు ఇచ్చినవారిలో చాలామంది సాయంత్రం కుక్కను షికారుకు తిప్పేవారు. మీ కుక్క రోజంతా వానలో, బురదలో, ముళ్లకంపల్లో తిరుగుతుంది. వారి మెప్పు మీకు పెద్దగా అక్కరకు రాదు.

అంతకంటే నమ్మదగిన సాక్ష్యం ఒకటి మీ దగ్గరే ఉంటుంది: ఆ కుక్క ఇదివరకు వేసుకున్న పాత హార్నెస్. అది ఎక్కడ అరిగింది, ఏ కుట్టు విడింది, ఏ పట్టీని కుక్క కొరికింది అన్నది చూస్తే కొత్తదానిలో ఏం ఉండాలో సగం తెలిసిపోతుంది. దాన్ని వాడినవారు ఇంకా అక్కడే పనిచేస్తుంటే అడగండి. తెలియనివాడు అనుకుంటారేమోనని కొత్తవారు నోరు మెదపరు. అడగకుండా కొన్న సామాను చిలక్కొయ్యకే వేలాడుతుంది.

తరువాత, పని ఏమిటో తేల్చుకోండి. వాసన పట్టి వెళ్లే కుక్క తాడును లాగుతూ ముందుకు పోతుంది కాబట్టి ఆ బరువు గొంతు మీద కాక రొమ్ము మీద పడాలి, తాడు తగిలించే రింగు వీపు మీద ఉండాలి. బండి లాగే కుక్కకు తోక మొదలు దాకా వచ్చే హార్నెస్ వేరే ఉంది. కాపలా కుక్కకు వీపు మీద పిడి కావాలి. చూపులేనివారికి దారి చూపే కుక్క హార్నెస్ సంగతి శిక్షణ ఇచ్చిన సంస్థ చూసుకుంటుంది, అందులో మనం వేలు పెట్టకూడదు. మందను తోలే కుక్కకైతే, మంద వెంట ఉన్నంతసేపూ హార్నెస్ లేకపోవడమే మేలని నా అభిప్రాయం. కంచె తీగకు పట్టీ చిక్కుకుంటే విడిపించడానికి మీరు దగ్గర ఉండరు.

ఇక బకిల్. నేను రంగూ, పేరూ చూడకముందు దీన్నే చూస్తాను. చలిలో, చీకట్లో, చేతి తొడుగులతో, కదలకుండా నిలబడని కుక్కకు తగిలించాలి మరి. కొనేముందు ఒక పరీక్ష చేయండి: తొడుగులు వేసుకుని, కళ్లు మూసుకుని, ఒక్క చేత్తో బకిల్ విప్పి మళ్లీ పెట్టండి. తడుముకోవలసి వస్తే దాన్ని వదిలేయండి. రెండు పక్కలా బకిల్ ఉన్నది మంచిది, కుక్క కాలు ఎత్తి పట్టీలోంచి దూర్చే తిప్పలు ఉండవు. తల మీదుగా ఏదైనా తొడగబోతే వెనక్కి జంకే కుక్కలు ఉంటాయి, వాటికి మెడ దగ్గర కూడా విడే రకం చూడండి.

పక్కల నొక్కే ప్లాస్టిక్ బకిల్ మంచి రకానిదైతే మామూలు పనికి సరిపోతుంది. నాసిరకం ప్లాస్టిక్ మాత్రం గట్టి చలిలో పెళుసుబారి విరుగుతుంది. బరువైన పనికి లోహపు బకిల్ ఉంది. ఆస్ట్రియాలోని ఆస్ట్రిఆల్పిన్ సంస్థ చేసే కోబ్రా బకిల్ ఇందులో పేరున్నది. రెండు మీటలూ కలిపి నొక్కితేనే విడుతుంది, బరువు పడి బిగుసుకుని ఉన్నప్పుడు నొక్కినా విడదు. ఈ గుణమే ఒక్కోసారి ఇబ్బంది కూడా. కుక్క ఎక్కడో చిక్కుకుని వేలాడుతుంటే బకిల్ రాదు, పట్టీ కోయాలి. అందుకే ఆ రకం కొన్నవారు జేబులో ఒక చాకు ఉంచుకోవాలి. చూడటానికి అచ్చం అలాగే ఉండే నకళ్లు చాలా వస్తున్నాయి, చవకగా దొరికిందని సంబరపడకండి.

ఏ బకిలైనా "టక్" మన్న చప్పుడు విని ఊరుకోకూడదు. గుబురు బొచ్చు కుక్కల్లో నాలుగు వెంట్రుకలు మధ్యలో ఇరుక్కుని ఒక పక్కే పడుతుంది, చప్పుడు మాత్రం వస్తుంది. పెట్టాక ఒకసారి గుంజి చూడండి. వెల్క్రో ఉన్నవాటి జోలికి వెళ్లకండి. బొచ్చూ, పల్లేరుకాయలూ, ఎండిన బురదా చేరి కొన్నాళ్లకే పట్టు పోతుంది.

పట్టీల్లో నైలాన్ గట్టిదే, కానీ నీళ్లు పీల్చుకుని తడిసినప్పుడు కాస్త సాగుతుంది. పొద్దున్న సరిగ్గా ఉన్న హార్నెస్ వానలో వదులవడానికి అదొక కారణం. పాలియెస్టర్ తక్కువ సాగుతుంది, ఎండకు కూడా బాగా ఆగుతుంది. పైన ప్లాస్టిక్ పూత ఉన్న బయోథేన్ రకం నీళ్లు పీల్చదు, గుడ్డతో తుడిస్తే చాలు. తోలు అన్నిటికంటే ఒంటికి హాయి, నూనె రాసే ఓపిక ఉన్నవారికే. రొమ్ము మీద పట్టీ పెద్ద కుక్కకు 38 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే బాగుంటుంది, మధ్యరకానికి 25 చాలు. రింగును గోటితో చుట్టూ గీసి చూడండి, అతుకు దగ్గర సందు తగిలితే అది వంచిన కమ్మీ, వెల్డింగ్ చేసినది కాదు. గట్టిగా లాగితే తెరుచుకుంటుంది. కుట్టు చతురస్రంలో అడ్డంగా ఇంటూ గుర్తు వేసినట్టు ఉండాలి.

పట్టీని బిగించే బిళ్ల జారుతుందో లేదో తెలియాలంటే, దాని పక్కనే పట్టీ మీద పెన్నుతో గీత గీయండి. సాయంత్రానికి గీతకూ బిళ్లకూ మధ్య ఎడం వస్తే ఆ హార్నెస్ తిరిగి ఇచ్చేయండి.

కొలత జాతి పేరు బట్టీ, బరువు బట్టీ తీసుకోకండి. ముందరి కాళ్ల వెనుక ఛాతీ లోతుగా ఉన్నచోట చుట్టుకొలత, మెడ మొదట్లో చుట్టుకొలత, ఈ రెండూ టేపుతో తీయండి. పట్టిక అంగుళాల్లో ఉందో సెంటీమీటర్లలో ఉందో చూసుకోండి. తొడిగాక పట్టీ కింద రెండు వేళ్లు పరిచి దూరాలి. ముందు పట్టీ రొమ్ము ఎముక మీద నిలవాలి, గొంతు మీదికి ఎక్కకూడదు. చంకలో ఒరుసుకోకూడదు. ఆ తరువాత కుక్కకు ఎదురుగా నిలబడి తాడుతో మెల్లగా మీ వైపు లాగండి. అది వెనక్కి గుంజుకుని తల బయటికి తీసేసుకుంటే, రోడ్డు మీద కూడా అదే చేస్తుంది.

వై ఆకారంలో ఉన్నది భుజాన్ని అసలు అడ్డుకోదని అమ్మేవారు చెబుతారు. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో తొమ్మిది కుక్కలను నడిపించి చూస్తే వై ఆకారపుదీ, రొమ్ముకు అడ్డంగా పట్టీ ఉన్నదీ రెండు రకాలూ భుజం ముందుకు చాపడాన్ని తగ్గించాయి, పైగా అడ్డుకోదన్న రకమే ఎక్కువ తగ్గించింది. తొమ్మిది కుక్కలతో అంతా తేలిపోదు కానీ, పెట్టె మీది మాట కంటే మీ కుక్క నడకే చూడండి. హార్నెస్ లేకుండా ఒకసారి, వేసి ఒకసారి నడిపించి ఫోనులో తీసుకుంటే, అడుగు కురచబడిందో లేదో మీకే కనిపిస్తుంది.

పిడి ఉన్నది కొంటే అది గోడ ఎక్కేటప్పుడు ఆసరా ఇవ్వడానికే. కుక్క మొత్తం బరువును దాని మీద వేలాడదీయకండి, అలా ఎత్తడానికి చేసిన హార్నెస్‌లు వేరు. పని అయిపోగానే విప్పేసి చంకలు తడిమి చూడండి: బొచ్చు చిక్కుపడినా, చర్మం ఎర్రబడినా అక్కడే మొదట తెలుస్తుంది. ఉప్పునీటిలో తడిస్తే ఆ రోజే మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి.

ఇంకొక్క మాట. హార్నెస్‌తో పాటు "సర్వీస్ డాగ్" అని రాసిన పట్టీ ఉచితంగా వస్తే దాన్ని అతికించకండి. అది వికలాంగులకు తోడుండే శిక్షణ పొందిన కుక్కలది. లేనిది ఉన్నట్టు చూపితే కొన్ని చోట్ల జరిమానా కూడా పడుతుంది, కొత్తగా వచ్చినవారికి ఆ తలనొప్పి ఎందుకు? "పనిలో ఉంది, ముట్టుకోవద్దు" అన్న పట్టీ అయితే నిశ్చింతగా పెట్టుకోవచ్చు.