బండి సందేహాలు: వెనక ఎత్తితే స్టీరింగ్ ఎందుకు తేలికైంది?

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. లోటస్ సెవెన్ అనే పాత ఇంగ్లిష్ స్పోర్ట్స్ కారు తరహా రెండు సీట్ల కిట్ కారును (విడిభాగాలతో సొంతంగా కట్టుకునేది) పాత మారుతి ఓమ్ని ఇంజను, వెనక ఇరుసు పెట్టి కట్టుకున్నాను. కమాను కట్టలు తీసేసి కాయిల్ స్ప్రింగులు వేశాను. కాలువ వంతెనలు దాటేటప్పుడు అడుగు రాసుకుంటోందని స్ప్రింగు ఎత్తు సర్దే రింగులు తిప్పి వెనకభాగం 30 మి.మీ. ఎత్తాను. కుడివైపు వాలినట్టు కనిపిస్తే అటు ఇంకో రెండు చుట్లు బిగించాను. అప్పటినుంచి స్టీరింగ్ తేలికైపోయింది, బండికి నిలకడ లేదు. వెనక చక్రాలకు సర్దేదేమీ లేదని అలైన్‌మెంట్ షాపులో అన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: షాపువాళ్లు చెప్పింది నిజమే. ఓమ్ని ఇరుసు ఏకఖండం. బండిని ఎత్తినా దించినా ఆ రెండు చక్రాల కేంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకు వాలే వాలు), టో (చక్రం ముందంచు లోపలికో బయటికో చూడటం) మారవు. మీరు చెయ్యి పెట్టింది వెనకే అయినా, తేడా వచ్చింది ముందు. స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం ఏ అక్షం మీద తిరుగుతుందో దాని పైకొస కాస్త వెనక్కి వాలి ఉంటుంది. అదే కాస్టర్. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తానే తిన్నగా రావడానికి ముఖ్య కారణం ఆ వాలే. మీ బండి ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2250 మి.మీ. అనుకుంటే, వెనక 30 మి.మీ. లేపినప్పుడు బండి మొత్తం ముక్కు మీదికి ముప్పావు డిగ్రీ వంగి, కాస్టర్ కూడా అంతే తగ్గిపోతుంది. స్టీరింగ్ తేలికై, నిలకడ పోయింది అందుకే.

కుడివైపు రెండు చుట్లు ఇంకా చెడ్డవి. నాలుగు కాళ్ల పీటకు ఒక కాలు పొడుగైనట్టే: బరువు కుడి వెనక, ఎడమ ముందు చక్రాల మీదికి పోయి మిగతా రెండూ తేలిపోతాయి. అసలు వాలింది బండో, నేలో? మన డెల్టా బంకమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. దాని మీద పోసిన గచ్చును నేను నమ్మను. తాపీమేస్త్రి దగ్గర నీళ్ల ట్యూబు తెచ్చి, నాలుగు టైర్లు నిలిచే చోట్ల మట్టం చూడండి. తగ్గిన చోట టైరు కింద టైల్సు ముక్కలు పేర్చండి. టైర్లలో గాలి సరిచూసి, సీట్లో 25 కిలోల బియ్యం బస్తాలు మూడు పెట్టండి. మనిషి బరువు లేకుండా తీసిన కొలత దండగ. నేల నుంచి ఎత్తు కొలత ఫ్రేము కింది గొట్టం నుంచి తీయాలి, ఫైబరు బాడీ నుంచి కాదు.

ఇక రింగులు. జాకీ ఎత్తి, స్ప్రింగు మీద భారం తీసి, మర మీది మట్టిని తీగబ్రష్‌తో దులిపి, నూనె వేసి తిప్పండి. మీ ఊరి ఉప్పుగాలికి అల్యూమినియం మర పట్టేసి ఉంటుంది. బలవంతం చేస్తే ఊడి వస్తుంది. దించాక బండిని నాలుగడుగులు ముందుకూ వెనక్కూ తోసి, అప్పుడు కొలవండి. నేనైతే వెనక 15 మి.మీ. మాత్రం ఉంచి, ముందు కూడా అంతే ఎత్తుతాను. కాస్టర్ పాత చోటికి వస్తుంది. రాసుకునేది సైలెన్సరు గొట్టమే అయితే దాన్ని పైకి కట్టడం అన్నిటికన్నా చవక. 1957లో సెవెన్‌ను తెచ్చిన లోటస్ కంపెనీ స్థాపకుడు చాప్‌మన్ ఇంగ్లండ్ తారు రోడ్లను చూశాడు గానీ మన లాకుల వంతెనలను చూడలేదు.

ఎత్తు కుదిరాకే అలైన్‌మెంట్. ఇరుసును పక్కకు జరగనివ్వని పాన్‌హార్డ్ రాడ్, బరువులు ఉండగా నేలకు సమాంతరంగా ఉండాలి. బండికి ఇరువైపులా నైలాన్ దారాలు ఒకదానికొకటి సమాంతరంగా లాగి, వెనక రిమ్ము ముందంచుకూ వెనకంచుకూ దూరం కొలవండి. ఒక చక్రం లోపలికి, రెండోది అంతే బయటికి చూస్తుంటే ఇరుసు వంకరగా కూర్చుంది; ఇరుసును ముందుకూ వెనక్కూ జరగనివ్వని పొడవు కడ్డీల్లో ఒకదాన్ని సర్దాలి. చివరగా ముందు చక్రాల ముందంచులు కాస్త లోపలికి చూసేలా మొత్తం 1 నుంచి 2 మి.మీ. టో-ఇన్‌తో మొదలుపెట్టండి.

రిజిస్ట్రేషన్ సంగతి మీరు రాయలేదు. సొంతంగా కట్టిన బండి అనుమతి లేకుండా రోడ్డెక్కకూడదు కాబట్టి ఏ రైసుమిల్లు ఆవరణలోనో నడిపి చూడండి. బ్రేకు తొక్కినప్పుడు ఒక పక్కకు లాగితే, మళ్లీ ఎడమ కుడి రింగుల దగ్గరికే వెళ్లండి.