కాటా సీరియల్ పోర్ట్ కనపడట్లేదు, కోర్‌బూట్‌లో ఏం మార్చాలి?

ప్రశ్న: మాకు మండపేట దగ్గర రైస్ మిల్లు ఉందండి. లారీ కాటా ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ ఆఫీసులో ఉన్న పాత హెచ్61 బోర్డు పీసీకి వస్తుంది, తూకం చీటీ పారలల్ పోర్ట్‌కి తగిలించిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో కొడతాం. అదే రకం బోర్డు ఇంట్లో ఇంకోటి ఉంటే దానికి ఆటోపోర్ట్‌తో (బోర్డు వివరాలు చదివి కోర్‌బూట్ ఫైళ్ళు రాసిపెట్టే టూల్) కోర్‌బూట్, అంటే కంపెనీ బయోస్ బదులు వేసుకునే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్, తయారుచేసి ఫ్లాష్ చేశాను. లినక్స్ లేచింది, డిస్‌ప్లే, యూఎస్‌బీ, నెట్ బాగున్నాయి. సీరియల్, పారలల్ మాత్రం లేవు, పీఎస్2 కీబోర్డు కూడా పలకట్లేదు. బోర్డు పోయిందంటారా? పాత బయోస్ ఫైలు దాచే ఉంచాను.

జవాబు: బోర్డుకేం కాలేదండి. మీరు చెప్పిన మూడూ, అంటే సీరియల్, పారలల్, పీఎస్2, ఒకే చిప్‌లో ఉంటాయి, దాన్ని సూపర్ ఐఓ అంటారు. ఆ చిప్ గురించి మీ కోర్‌బూట్‌కి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇది ఎందుకు జరిగిందో అర్థమైతే మిగతాది మీరే చేసేస్తారు. పీసీఐ బస్ మీద ఉన్న డివైస్‌ని అడిగితే నేను ఫలానా, నాకు ఇంత మెమరీ కావాలి అని అదే చెప్తుంది, అందుకే ఎల్ఎస్‌పీసీఐ కొడితే లిస్ట్ వచ్చేస్తుంది, ఆటోపోర్ట్ కూడా ఆ లిస్ట్ చూసే చాలావరకు పని చేస్తుంది. సూపర్ ఐఓ ఆ బస్ మీద ఉండదు, చిప్‌సెట్‌లో ఎల్‌పీసీ బ్రిడ్జ్ అని 1ఎఫ్.0 దగ్గర (అది దాని పీసీఐ నంబర్) ఒకటుంటుంది, దాని వెనకాల కూర్చుంటుంది, అడిగినా తన గురించి ఏమీ చెప్పదు. ఏ అడ్రస్‌లో ఉండాలో, ఏ ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ని పిలిచే లైన్, ఐఆర్‌క్యూ అన్నా అదే) వాడుకోవాలో మనమే రాసివ్వాలి. ఆ రాసేచోటే మీ బోర్డు ఫోల్డర్లో ఉండే డివైస్‌ట్రీ.సీబీ. (లినక్స్‌లో ఏఆర్ఎం బోర్డులకి వాడే డివైస్ ట్రీ వేరు, పేరు ఒకటే అని ఆ సింటాక్స్ తెచ్చి ఇందులో పెట్టకండి.)

ముందు మీ బోర్డు మీద ఏ సూపర్ ఐఓ ఉందో తేల్చుకోండి. పాత బయోస్ ఫైలు దాచారు కాబట్టి సగం పని అయిపోయినట్టే, మళ్ళీ అదే ఫ్లాష్ చేసి లినక్స్‌లో రూట్‌గా సూపర్ఐఓటూల్ హైఫన్ డీ అనే కమాండ్ కొట్టండి. చిప్ పేరు, అది 2ఈ అడ్రస్ దగ్గరుందో 4ఈ దగ్గరుందో, ఒక్కో లాజికల్ డివైస్‌కి (సీరియల్, పారలల్ లాంటి చిప్ లోపలి ఒక్కో భాగం) కంపెనీ బయోస్ ఏ విలువలు పెట్టిందో అన్నీ కనపడతాయి. దాన్ని ఫైల్లోకి సేవ్ చేసుకోండి, ఇంతకన్నా నమ్మకమైన ఆధారం మీకు ఇంకోటి దొరకదు. వేరే బోర్డు ఫైలు చూసి గుడ్డిగా ఎక్కించొద్దు, ఎందుకంటే లాజికల్ డివైస్ నంబర్లు చిప్‌ని బట్టి మారిపోతాయి: నువోటాన్ ఎన్‌సీటీ6776లో మొదటి సీరియల్ 2, పారలల్ 1, అదే ఐటీఈ ఐటీ8718ఎఫ్‌లో అయితే సీరియల్ 1, పారలల్ 3.

మీది ఎన్‌సీటీ6776, 2ఈ దగ్గరుంది అనుకుందాం. డివైస్‌ట్రీలో పీసీఐ 1ఎఫ్.0 బ్లాక్ తెరిచి, దాని ఎండ్ రాకముందే, లోపలే, చిప్ సూపర్ఐఓ/నువోటాన్/ఎన్‌సీటీ6776 అని మొదలుపెట్టాలి. బయట పెడితే అది ఎల్‌పీసీ కింద లేనట్టే లెక్క. అందులో డివైస్ పీఎన్‌పీ 2ఈ.2 ఆన్ అని రాసి, దాని కింద ఐఓ 60కి (అడ్రస్ రాసే రిజిస్టర్) 3ఎఫ్8, ఐఆర్‌క్యూ 70కి (ఇంటరప్ట్ రాసే రిజిస్టర్) 4 ఇవ్వండి, ఇది మీ కాటా పోర్ట్. 2ఈ.1 ఆన్ చేసి 378, ఇంటరప్ట్ 7 ఇస్తే ప్రింటర్. 2ఈ.5 ఆన్ చేసి ఐఓ 60కి 60, ఐఓ 62కి 64, కీబోర్డుకి ఇంటరప్ట్ 1, మౌస్‌కి 12. హెక్స్ విలువలకి ముందు 0ఎక్స్ మర్చిపోవద్దు. బోర్డు మీద సాకెట్ లేనివాటికి ఆఫ్ అని రాసెయ్యండి. 2ఈ.బీ హార్డ్‌వేర్ మానిటర్, ఫ్యాన్ సంగతి అక్కడే ఉంటుంది కాబట్టి దాన్ని మాత్రం వదిలెయ్యకండి, మన ఎండలకి మిల్లు ఆఫీసులో ఫ్యాన్ సరిగ్గా తిరక్కపోతే పీసీ నిలబడదు.

ఇంకో రెండు ఉన్నాయి. బోర్డు కేకాన్ఫిగ్‌లో (బిల్డ్‌లో ఏమేం కలపాలో చెప్పే ఫైలు) ఆ సూపర్ ఐఓని సెలెక్ట్ చెయ్యాలి, లేకపోతే దాని డ్రైవర్ కోడ్ కంపైల్ అవ్వదు. రెండోది, మీ తూకం సాఫ్ట్‌వేర్ విండోస్ మీద నడిచేదైతే డివైస్‌ట్రీ ఒక్కటీ సరిపోదు, విండోస్ కామ్ పోర్ట్‌ని (సీరియల్ పోర్ట్‌నే) ఏసీపీఐ టేబుల్స్, అంటే బోర్డు మీద ఏముందో ఫర్మ్‌వేర్ ఇచ్చే పట్టికలు, చూసి గుర్తుపడుతుంది, అందుకని ఆ చిప్ వివరాలున్న ఏఎస్ఎల్ ఫైలుని మీ బోర్డు డీఎస్‌డీటీలో (ఆ పట్టికల్లో ముఖ్యమైనది) కలపాలి. లినక్స్ 3ఎఫ్8 దగ్గర తనే వెతుక్కుంటుంది.

ఫ్లాష్ చేశాక డీమెసేజ్‌లో (లినక్స్ కెర్నల్ లాగ్) టీటీవైఎస్0 అని, అంటే మొదటి సీరియల్ పోర్ట్, 3ఎఫ్8తో వస్తే అయిపోయినట్టే. రాకపోతే సీబీమెమ్ హైఫన్ సీ కొట్టండి, కోర్‌బూట్ లాగ్ మెమరీలోంచి వస్తుంది, దానికి సీరియల్ అక్కర్లేదు. అందులో పీఎన్‌పీ లైన్ల దగ్గర డివైస్‌ట్రీలో అసైన్ చెయ్యలేదు అని ఇంగ్లీషులో కనపడితే ఏదో విలువ ఇవ్వడం మర్చిపోయారని అర్థం.

ఒక్క మాట మాత్రం వినండి, ఇంట్లో బోర్డు మీద కాటా ఇండికేటర్ తగిలించి తూకం సరిగ్గా వస్తుందని చూసుకునేదాకా ఆఫీసు పీసీ జోలికి వెళ్ళొద్దు. దాళ్వా మాసూళ్ళప్పుడు అయితే అసలు వద్దు, గేటు బయట ధాన్యం లారీలు ఆగిపోతే రైతు ఇబ్బంది పడతాడు.

ప్రశ్న: భీమవరం నుంచి ఇంజనీరింగ్ స్టూడెంట్‌ని. కోర్‌బూట్ వేసిన థింక్‌ప్యాడ్ ఎక్స్220లో సౌండ్ డివైస్ ఆపాలి. బయోస్ మెనూ ఏదీ? ప్రతిదానికీ మళ్ళీ ఫ్లాష్ చెయ్యాలా?

జవాబు: ఈ పనికి చెయ్యాలి తమ్ముడూ. డివైస్‌ట్రీని కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు చదవరు, బిల్డ్ చేసేటప్పుడే ఎస్‌కాన్ఫిగ్ అనే ప్రోగ్రాం దాన్ని చదివి సీ కోడ్‌గా మార్చేస్తుంది, అది రోమ్‌లోకి వెళ్ళిపోతుంది. నీ మెషీన్‌లో ఆడియో 1బీ.0, అక్కడ ఆన్ తీసేసి ఆఫ్ పెట్టి బిల్డ్ చెయ్యి, చిప్‌సెట్ దాన్ని దాచేస్తుంది, లినక్స్‌కి ఎల్ఎస్‌పీసీఐలో కూడా కనపడదు. ఎక్స్220 డివైస్‌ట్రీ తెరిస్తే కొన్ని ఆఫ్ లైన్లు ముందే ఉంటాయి, అవి కావాలని పెట్టినవే, సరదాకి ఆన్ చెయ్యకు. అసలు ఏ సెట్టింగూ మార్చలేమని కాదు, బోర్డులో సీమాస్ లేఅవుట్ ఫైలు (సీమాస్ మెమరీలో ఏ సెట్టింగ్ ఎక్కడుందో చెప్పేది) ఉండి, బిల్డ్‌లో ఆ ఆప్షన్ పెట్టుకుంటే, అందులో ఉన్న కొద్ది సెట్టింగులు ఎన్‌వీరామ్‌టూల్‌తో లినక్స్‌లోంచే మార్చుకోవచ్చు, కానీ డివైస్‌ట్రీలో ఏది ఆన్, ఏది ఆఫ్ అన్నది సాధారణంగా ఆ లిస్టులో ఉండదు.