జపాన్ బేస్‌బాల్ లీగ్‌లో రెండు టీంలూ సరిగ్గా సమానంగా నిలిస్తే టైటిల్ ఎవరికి ఇస్తారు? అలాంటి సీజన్ దగ్గర్నుంచి చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

నేను చూశానండీ, 2022లో. దానివల్ల మా ఇంట్లో ఫ్రిజ్ కొనడం కూడా వాయిదా పడింది, అదీ చెప్తా.

2019 నుంచి నాలుగేళ్ళు ఫుకువోకాలో ఉన్నాం, నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. ఆ ఊరి టీం సాఫ్ట్‌బ్యాంక్ హాక్స్. నాకు క్రికెట్ తప్ప ఇంకోటి తెలీదు, కానీ ఆఫీసులో పొద్దున్నే కాఫీ దగ్గర ముందు రాత్రి మ్యాచ్ గురించి తప్ప ఇంకేం మాట్లాడరు కాబట్టి ఆర్నెల్లలో నేనూ వాళ్ళలో కలిసిపోయా. 2022 ఆగస్టులో మా ఫ్రిజ్ సరిగ్గా చల్లబడటం మానేసింది. జపాన్‌లో ఒక అలవాటుంది, ఊరి టీం లీగ్ గెలిస్తే షాపులవాళ్ళు యూషో సేల్ పెడతారు, యూషో అంటే ఛాంపియన్‌షిప్. నేను మా ఆవిడతో కొంచెం ఆగుదాం, హాక్స్ గెలుస్తారు, సేల్‌లో కొందాం అన్నా. "మీ హాక్స్ గెలిచేదాకా నేను పాలు విరగ్గొట్టుకుంటూ కూర్చోవాలా" అంది.

ముందు లెక్క చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. జపాన్‌లో రెండు లీగ్‌లు, పసిఫిక్, సెంట్రల్. హాక్స్ ఆడే పసిఫిక్ లీగ్‌లో ఆరు టీంలు, ఒక్కోదానికి సీజన్‌లో 143 మ్యాచులు. మిగతా ఐదు టీంలతో తలా 25, అవతలి లీగ్ వాళ్ళతో 18. బేస్‌బాల్‌లో ఇన్నింగ్స్ అంటే రెండు టీంలూ ఒక్కోసారి బ్యాటింగ్ చెయ్యడం, మ్యాచ్‌కి తొమ్మిది ఉంటాయి. అప్పటికి సమానంగా ఉంటే ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్, 12 ఇన్నింగ్స్ దాకా తేలకపోతే డ్రా. మన ఐపీఎల్ లాగా పాయింట్లు ఉండవు, గెలిచినవాటిని గెలుపు ఓటముల మొత్తంతో భాగిస్తారు, అంతే, డ్రాలని అసలు లెక్కలోకే తీసుకోరు. వర్షానికి ఆగిన మ్యాచులన్నీ తెచ్చి చివర్లో పెడతారు కాబట్టి ఆఖరి వారంలో ఒకళ్ళకి రెండు మ్యాచులు మిగులుతాయి, ఇంకొకళ్ళకి ఒకటే. అప్పుడు పేపర్లలో మ్యాజిక్ నంబర్ వేస్తారు, అంటే ఇంకెన్ని గెలిస్తే ఎదుటివాడు మిగతావన్నీ గెలిచినా మనల్ని దాటలేడో ఆ అంకె.

అక్టోబర్ 1 పొద్దున హాక్స్ మ్యాజిక్ 1. రెండు మ్యాచులున్నాయి. వాటిలో ఒక్కటి గెలిస్తే చాలు, గెలవక్కర్లేదు, ఒక్కటి డ్రా అయినా చాలు. వెనకున్న ఒరిక్స్‌కి మిగిలింది ఒకే మ్యాచ్. నేను ఆన్‌లైన్‌లో ఫ్రిజ్ మోడల్ కూడా సెలెక్ట్ చేసి పెట్టేశా.

శనివారం సెయిబుతో మ్యాచ్, వాళ్ళ ఊళ్ళో. ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌కి వెళ్ళింది, 11వ ఇన్నింగ్స్, ఇంకొక్క ఇన్నింగ్స్ లాగేస్తే డ్రా, ఛాంపియన్లు. అప్పుడు సెయిబు ఆటగాడు యమకావా కొట్టాడు, రెండు పరుగుల హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది), మ్యాచ్ అక్కడితో ఫినిష్. అలా చివరి దెబ్బకి మ్యాచ్ ముగిసిపోతే జపాన్‌లో దాన్ని సయోనారా హోమ్ రన్ అంటారు, సయోనారా అంటే వీడ్కోలు. ఆ పేరు ఎవడు పెట్టాడో గానీ ఆ రాత్రి మాత్రం భలే కాలింది.

ఆదివారం ఆఖరి రోజు. మా టీం లీడ్ సాన్ (సాన్ అంటే మన గారు లాంటిది) వాళ్ళింటికి పిలిచాడు. హాక్స్ చిబాలో లొట్టె మీద, ఒరిక్స్ సెండాయ్‌లో రకుటెన్ మీద. ఒక మ్యాచ్ టీవీలో, రెండోదాని స్కోరు ఆయన ఫోన్లో. లొట్టె ఐదో ప్లేస్ టీం, వాళ్ళకి గెలిచినా ఒరిగేదేం లేదు, అలాంటివాళ్ళతోనే డేంజర్ అని ముందే అన్నాడు ఆయన. ఆరో ఇన్నింగ్స్‌లో లొట్టెలో యమగుచి అనే కుర్రాడు మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. హాక్స్ 5-3తో ఓడారు, అక్కడ ఒరిక్స్ 5-2తో గెలిచారు.

ఇప్పుడు మీ ప్రశ్నకి జవాబు. రెండు టీంలూ 76 గెలుపు, 65 ఓటమి, 2 డ్రాలు. 143 మ్యాచుల తర్వాత తేడా సున్నా. అప్పుడు వాళ్ళిద్దరూ ఆడుకున్న 25 మ్యాచులు చూస్తారు, అందులో ఒరిక్స్ 15, హాక్స్ 10. టైటిల్ ఒరిక్స్‌కి. నెట్ రన్ రేట్ లాంటి గోల లేదు.

మా లీడ్ సాన్ టీవీ ఆపేసి చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఒక్క మాటన్నాడు, మనం 65 ఓడాం కదా, అందులో ఏదో ఒక్కటి డ్రా చేసుకుని ఉంటే సరిపోయేది అని. నేను వచ్చిన కొత్తలో డ్రా అయితే మూడున్నర గంటలు వేస్ట్ అని నవ్వేవాణ్ణి. ఆ రోజు నుంచి నవ్వలేదు. అంతకుముందు ఏడాది సెంట్రల్ లీగ్‌లో చూడండి, హన్షిన్ 77 గెలిచింది, యాకుల్ట్ 73, అయినా యాకుల్టే ఛాంపియన్, ఎందుకంటే వాళ్ళు 52 ఓడి 18 డ్రా చేశారు, హన్షిన్ 56 ఓడింది. కోవిడ్ వల్ల ఆ ఏడాది తొమ్మిది ఇన్నింగ్స్‌తోనే ఆపేశారు, అందుకే అన్ని డ్రాలు.

డ్రా చంపేసిన సందర్భం కూడా ఉంది, జపాన్‌లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1988 అక్టోబర్ 19, కవసాకిలో కింటెట్సు అనే టీంకి ఒకే రోజు రెండు మ్యాచులు, రెండూ గెలిస్తేనే టైటిల్. మొదటిది 4-3తో గెలిచారు. రెండోది 4-4, పది ఇన్నింగ్స్. అప్పట్లో నాలుగు గంటలు దాటితే కొత్త ఇన్నింగ్స్ లేదు. ఇంక గెలిచే దారి లేదని తెలిసి కూడా ఆ పదో ఇన్నింగ్స్ రెండో సగం వాళ్ళు ఫీల్డింగ్ చెయ్యాల్సి వచ్చింది. సెయిబు 73, కింటెట్సు 74 గెలిచినా, గెలుపు శాతంలో ముందున్నది సెయిబు కాబట్టి టైటిల్ వాళ్ళకే. ఆ రోజు కూడా ఎదుటి టీం లొట్టెనే, అప్పుడు ఆఖరి ప్లేస్‌లో ఉన్నారు! 2004 సీజన్ అయ్యాక ఆ కింటెట్సునే ఒరిక్స్‌లో కలిపేశారు.

రెండో ప్లేస్ వస్తే సీజన్ అయిపోయినట్టు కాదు, క్లైమాక్స్ సిరీస్ అని ప్లేఆఫ్‌లు ఉంటాయి, కానీ ఆ ఏడాది ఫైనల్ స్టేజ్‌లో మొదటి ప్లేస్‌వాళ్ళకి ఒక గెలుపు ముందే ఇచ్చేసి, అన్నీ వాళ్ళ గ్రౌండ్‌లోనే పెట్టారు. హాక్స్ అక్కడా ఒరిక్స్ చేతిలోనే ఓడారు. రెండు లీగ్‌ల నుంచి వచ్చినవాళ్ళు ఆడే ఫైనల్, జపాన్ సిరీస్ కూడా ఆ ఏడాది ఒరిక్సే కొట్టేసింది.

ఫ్రిజ్ సంగతి. ఓడితే యూషో సేల్ ఉండదనుకున్నా, కానీ "సపోర్ట్ చేసినందుకు థాంక్స్" అని వేరే పేరుతో సేల్ పెట్టారు, సరుకు అదే, నాకు నచ్చిన మోడల్‌కి మాత్రం డిస్కౌంట్ లేదు. ఫుల్ రేటుకే కొన్నాం. సెయిబు తరఫున మమ్మల్ని ముంచిన ఆ యమకావా తర్వాత మా హాక్స్‌కే వచ్చాడు, 2024లో 34 హోమ్ రన్లు కొట్టాడు, హాక్స్ లీగ్ గెలిచారు. అప్పటికి మేం విజయవాడ వచ్చేశాం. లీడ్ సాన్ మెసేజ్ పెట్టాడు, సేల్ మొదలైంది, ఫ్రిజ్ ఏమన్నా కావాలా అని.