టెక్ సందేహాలు: కంపెనీ మోడల్ ఆపేసింది, నా ఆంప్‌ను ఇప్పుడే అమ్మేయాలా?

ప్రశ్న: ఎనిమిది నెలల కింద రూ.1.40 లక్షలు పెట్టి నెట్‌వర్క్ స్ట్రీమింగ్ ఉన్న ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫైర్ కొన్నాను. పోయిన నెల ఆ మోడల్ తయారీ ఆపేశారు. నేను కొన్న షాపులోనే కొత్తది ఇప్పుడు రూ.85 వేలకు ఇస్తున్నారు. నాది అమ్ముదామంటే రూ.60 వేలకు మించి ఎవరూ అడగడం లేదు. ఇంకా పడిపోకముందే వదిలించుకోవాలా? – హన్మకొండ పాఠకుడు

జవాబు: ముందు మీ బిల్లును లెక్కలోంచి తీసేయండి. సెకండ్‌హ్యాండ్ కొనేవాడు మీరెంత పెట్టారని చూడడు, అదే డబ్బాను షాపులో సీలుతో ఎంతకిస్తున్నారో చూస్తాడు. అక్కడ రూ.85 వేలకు పూర్తి వారంటీతో దొరుకుతుంటే ఎనిమిది నెలలు వాడినదానికి రూ.60 వేలు అంటే దాదాపు 70 శాతం. అది న్యాయమైన బేరమే. పోయిన రూ.55 వేలు షాపువాడు రేటు తగ్గించిన రోజే పోయాయి. అమ్మినా రావు, ఉంచుకున్నా రావు.

అమ్మడానికి క్లియరెన్స్ సేల్ నడుస్తున్న రోజులంత చెడ్డ సమయం ఉండదు. షాపులో కొత్త పీసు ఉన్నంతకాలం మీ ధర దాన్ని దాటదు. ఆ స్టాకు అయిపోయాక పోలిక మారుతుంది, మీ ఆంప్‌ను కొత్తగా వచ్చిన మోడల్ పక్కన పెట్టి చూస్తారు. కొత్తది రూ.1.60 లక్షలై, లోపలి పవర్ సెక్షన్‌లో పెద్ద తేడా లేకపోతే పాతదాని ధర అక్కడితో నిలబడుతుంది. ఇంకా ఎన్ని పీసులు మిగిలాయో షాపువాళ్లనే అడగండి. డబ్బు అవసరం లేకపోతే ఆ స్టాకు తీరేదాకా ఆగండి.

అయితే మీ పెట్టెలో నిజానికి రెండు యంత్రాలున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఉన్న భాగం పదిహేను, ఇరవై ఏళ్లు పనిచేస్తుంది. నెట్‌వర్క్ బోర్డు ఆయుష్షు మాత్రం కంపెనీ సర్వర్ చేతిలో ఉంటుంది. ఫోన్‌లోని పాటలను స్పీకర్లకు పంపే చిన్న పరికరం గూగుల్ క్రోమ్‌కాస్ట్ ఆడియో తయారీ 2019లో ఆగింది. ఆ తర్వాత కూడా అది ఇళ్లలో బాగానే పాడింది. 2025 మార్చిలో లోపలి సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు తీరడంతో ఒక్కసారిగా పనిచేయడం మానేసింది. కంపెనీ పెద్దది కాబట్టి కొద్దిరోజుల్లో అప్‌డేట్ పంపి బాగు చేసింది. చిన్న కంపెనీ అయితే ఆ డబ్బా కథ అక్కడే ముగిసేది. దీనికి భిన్నంగా, లాజిటెక్ 2012లో ఆపేసిన స్క్వీజ్‌బాక్స్ నెట్‌వర్క్ ప్లేయర్లు నేటికీ పాడుతున్నాయి. వాటి సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కావడంతో వాడేవాళ్లే దాన్ని నడుపుకొస్తున్నారు.

మీది ఏ రకమో తేలాలంటే రౌటర్‌ను అలాగే ఉంచి, దానికి వచ్చే ఇంటర్నెట్ కేబుల్‌ను మాత్రం పీకేయండి. ఆంప్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయండి. పెన్‌డ్రైవ్‌లోని పాటలు, ఇంట్లోని కంప్యూటర్ నుంచి డీఎల్ఎన్ఏ పద్ధతిలో (ఇంటి నెట్‌వర్క్ మీదే) వచ్చేవి పాడుతున్నాయా? యాప్ తెరుచుకుంటోందా, లేక లాగిన్ అడుగుతూ ఆగిపోతోందా? లాగిన్ లేకుండా నడిస్తే నిశ్చింతగా ఉంచుకోండి. లాగిన్ దగ్గర ఆగితే నెట్‌వర్క్ భాగానికి విలువ సున్నా అనుకుని ధర కట్టుకోండి. ఎప్పుడైనా అది మూగబోతే, ఆంప్ ఖరీదులో పదో వంతు పెట్టి చిన్న స్ట్రీమర్ (నెట్ పాటలు అందుకునే డబ్బా) కొని ఆప్టికల్ ఇన్‌పుట్‌కు కలిపితే సరిపోతుంది.

ఉంచుకునేట్టయితే ఈ వారంలోనే కొన్ని పనులు చేయాలి. ఆఖరి ఫర్మ్‌వేర్ (ఆంప్ లోపలి సాఫ్ట్‌వేర్) ఫైలును కంపెనీ వెబ్‌సైట్ నుంచి దించి పెన్‌డ్రైవ్‌లో దాచండి, ఆపేసిన మోడళ్ల పేజీలు అక్కడ ఎక్కువకాలం ఉండవు. అసలు రిమోట్ ఇంకోటి కొనిపెట్టండి. బిల్లు, అట్టపెట్టె, లోపలి థర్మోకోల్ అచ్చులు పారేయకండి. సీరియల్ నంబర్‌తో ఉన్న జీఎస్టీ బిల్లు చూపిస్తే కొనేవాడికి మిగిలిన వారంటీ మీద నమ్మకం కుదురుతుంది. ఇంకో మాట, మన దగ్గర మే నెలలో 45 డిగ్రీలు మామూలే. ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటర్ చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. ఆంప్‌ను టీవీ అల్మారాలో దూర్చకుండా పైన కనీసం 15 సెంటీమీటర్లు ఖాళీ వదలండి.

ప్రశ్న: మా అన్న అమెరికాల ఉంటడు. 2017ల కొన్న ఒప్పో యూడీపీ-203 డిస్కు ప్లేయర్, ఒక ఏవీ రిసీవర్ (టీవీకి, స్పీకర్లకు కలిపే ఆంప్) నాకు ఇచ్చిండు. ఒప్పో మూతపడ్డది అంటున్నరు. రెండిట్ల ఏది ఉంచుకోవాలె, ఏది అమ్మాలె? – జగిత్యాల పాఠకుడు

జవాబు: మూతపడింది ఫోన్ల ఒప్పో కాదు, ప్లేయర్లు చేసిన ఒప్పో డిజిటల్. కొత్త మోడళ్లు ఆపేస్తున్నామని 2018 ఏప్రిల్‌లో ప్రకటించింది. 4కే బ్లూరే, ఎస్ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ), డీవీడీ ఆడియో అన్నీ ఆడే అలాంటి ప్లేయర్లు తర్వాత పెద్దగా రాకపోవడంతో యూడీపీ వరస ధర పడిపోకపోగా పెరిగింది. ఇంట్లో డిస్కులు ఉంటే ఉంచుకోండి. లేకపోతే అమ్మండి, వాడకుండా దాచిపెట్టకండి. దాని ప్రాణం డిస్కును చదివే లేజర్ పికప్‌లో ఉంది. మామూలు సీడీ ప్లేయర్లలో వాడిన కొన్ని పికప్‌లు విడిగా ఇప్పటికీ దొరుకుతాయి, 4కే బ్లూరే డ్రైవ్‌కు మాత్రం ఆ సౌకర్యం లేదు. కొనేవాడి ముందు 4కే డిస్కు, రెండు పొరల డీవీడీ, మామూలు సీడీ మూడూ ఆడించి చూపండి. రీజియన్ (ఏ దేశాల డిస్కులు ఆడతాయో చెప్పే కోడ్) సంగతి కూడా ముందే చెప్పండి. అమెరికా ప్లేయర్‌లో బ్లూరేకు ‘ఎ’, డీవీడీకి 1 ఉంటాయి. మన దేశానివి ‘సి’, 5. 4కే డిస్కులకు రీజియన్ గొడవ లేదు.

రిసీవర్ సంగతి దీనికి తలకిందులు. టీవీకి బొమ్మ, శబ్దం తీసుకెళ్లే హెచ్‌డీఎంఐ కేబుల్ ప్రమాణం మారిన ప్రతిసారీ పాత రిసీవర్ ధర ఒక మెట్టు దిగుతుంది. 2017 నాటిది అంటే హెచ్‌డీఎంఐ 2.1 ఉండదు, కొత్త గేమ్ కన్సోల్ ఇచ్చే 4కే 120 హెర్ట్జ్ సిగ్నల్ దానిలోంచి పోదు. పైగా అది అమెరికా కరెంటుకు చేసినది. వెనక రేకు మీద 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టకండి. ఫ్యూజు పోవడంతో ఆగితే అదృష్టమే, ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు. అదే రేకు మీద 500 వాట్లు అని ఉంటే 1000 వీఏ (వోల్ట్ ఆంపియర్ల) సామర్థ్యంతో, 230ని 120 వోల్టులకు దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 500 వీఏది పెడితే పాట జోరందుకున్నప్పుడు వోల్టేజీ కుంగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అక్కడ 60 కాబట్టి రిసీవర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. ఆ బరువు, ఆ ఖర్చు భరించి కొనేవాడు మంచి ధర ఇవ్వడు. ఇది అమ్మకుండా మీరే వాడుకోండి.

ప్రశ్న: ఎంక్యూఏ (నాణ్యమైన పాటలను చిన్న ఫైలుగా కుదించే పద్ధతి) ఉందని రూ.9 వేలు ఎక్కువ పెట్టి డీఏసీ (డిజిటల్ పాటను ఆంప్‌కు అందే సిగ్నల్‌గా మార్చే పరికరం) కొన్నాను. ఇప్పుడు ఎంక్యూఏ పోయిందంటున్నారు. నా డీఏసీ వ్యర్థమేనా? – రామగుండం పాఠకురాలు

జవాబు: కాదు. ఎంక్యూఏ కంపెనీ 2023లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, దాని ఆస్తుల్ని ఆడియో కంపెనీ లెన్‌బ్రూక్ కొన్నది. ఆన్‌లైన్ పాటల సర్వీసు టైడల్ 2024 జులైలో ఎంక్యూఏ వదిలి ఫ్లాక్ అనే మరో ఫార్మాట్‌కు మారింది. మీ డీఏసీ ఫ్లాక్‌ను ముందులాగే పాడుతుంది. అమ్మేటప్పుడు ఆ రూ.9 వేలు మాత్రం తిరిగి రావు. ప్రకటనలో ఎంక్యూఏ అని రాయడంకన్నా ఏ చిప్ ఉందో రాయండి. 2020 అక్టోబరులో జపాన్‌లో డీఏసీ చిప్‌లు చేసే ఏకేఎం ఫ్యాక్టరీ కాలిపోయాక చాలా కంపెనీలు వేరే చిప్‌లకు మారాయి. మీ దాంట్లో ఏకేఎం చిప్ ఉంటే దానికోసం వెతికేవాళ్లున్నారు.

ప్రశ్న: పన్నెండేళ్ల నాటి టవర్ స్పీకర్ల జత హైదరాబాద్‌లో చవకగా వస్తోంది. మోడల్ ఎప్పుడో ఆగిపోయింది. కొనొచ్చా? – కరీంనగర్ పాఠకుడు

జవాబు: స్పీకర్‌కు యాప్ లేదు, సర్వర్ లేదు. తయారీ ఆగిపోయిన వస్తువుల్లో భయం లేకుండా కొనదగ్గది ఇదే, చూడాల్సినవి చూస్తే.

వూఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) అంచు రబ్బరుదా, ఫోముదా? ఫోమైతే పన్నెండేళ్లకు పొడిపొడిగా రాలుతుంటుంది. వేలితో మెల్లగా తాకితే తెలుస్తుంది. ఫోమ్ మార్పించుకోవచ్చు కానీ ఆ ఖర్చును ధరలోంచి తగ్గించమనండి. తర్వాత ఆంప్ వైర్లు తీసేసి మల్టీమీటర్‌తో టెర్మినళ్ల దగ్గర ఓమ్స్ చూడండి. 8 ఓమ్స్ స్పీకర్‌కు 5.5 నుంచి 7, 4 ఓమ్స్‌దానికి 3 నుంచి 4 మధ్య రావాలి. అంతకన్నా ముఖ్యం, రెండు స్పీకర్లకూ దాదాపు ఒకే అంకె రావడం. సన్నని స్వరాలు పలికే ట్వీటర్ ముందు కెపాసిటర్ ఉంటుంది కాబట్టి ఈ కొలతలో అది దొరకదు. చెవి దగ్గర పెట్టి విడిగా వినాల్సిందే. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 30 నుంచి 200 హెర్ట్జ్ వరకు తక్కువ వాల్యూమ్‌లో నెమ్మదిగా పెంచుతూ పోండి. గరగరమంటే వాయిస్ కాయిల్ రాసుకుంటోందన్నమాట. ఒక వూఫర్ మార్చి ఉంటే అదే పార్ట్ నంబరుదా అని స్క్రూ విప్పి చూడనివ్వమనండి. ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి. ట్వీటర్ కాలిపోయి అసలుది దొరకని జతకు ఏ ధరా చవక కాదు. విడిభాగాల కోసం కోఠీ గుజరాతీ గల్లీలో తిరగొచ్చు గానీ, వేరే కంపెనీ ట్వీటర్ బిగిస్తే క్రాస్ఓవర్‌తో (వూఫర్‌కు, ట్వీటర్‌కు స్వరాలు పంచే సర్క్యూట్‌తో) కుదరదు.

అమ్మేవాళ్లే ఆంప్ కూడా ఇస్తామంటే దాన్ని పది నిమిషాలు ఆన్‌లో ఉంచి, స్పీకర్లు తగిలించకుండా అవుట్‌పుట్ దగ్గర డీసీ వోల్టేజీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు బాగున్నట్టు. 100 దాటితే మరమ్మతు అయ్యేదాకా ఏ స్పీకరూ దానికి తగిలించకండి.

చూడకుండా అడ్వాన్సు పంపకండి. ఆర్మీలో పనిచేస్తున్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, అందుకే చవక అని ఎవరైనా ఫోన్ చేస్తే కట్ చేసేయండి. రేపు మీరు అమ్మేటప్పుడు కూడా ఒకటి గుర్తుంచుకోండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని లేదు. క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమన్నాడంటే మీ ఖాతా ఖాళీ చేయడానికే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

తెచ్చుకోవడానికి సొంత కారో, ట్రాలీ ఆటోనో నయం. బస్సు కార్గోలో వేయక తప్పకపోతే స్పీకర్ల కాళ్ల స్పైకులు విప్పేసి, గ్రిల్ తీయకుండా దానిమీద అట్టముక్క కట్టి, అసలు పెట్టె మీద ఇంకో పెట్టె వేయించండి. దించుకునేటప్పుడు అక్కడే విప్పి ట్వీటర్ డోమ్ చూసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.