సూపర్‌వైజరుగా చేరబోతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నిన్ను ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరుగా తీసుకున్నారని మీ అమ్మ చెప్పగానే వీధిలో నలుగురికీ చెప్పుకొని మురిసిపోయాను. కానీ ఆ పనిలోనే తల పండినదాన్ని కనుక రాత్రి నిద్ర పట్టలేదు.

హాజరు నువ్వే చూసి వేయి, ఐసీయూ మాపును వార్డులోకి రానివ్వకు, బ్లీచింగ్‌నూ యాసిడ్‌నూ ఎన్నడూ కలపనివ్వకు. ఆ రెండూ కలిస్తే పుట్టే క్లోరిన్ వాయువు ఊపిరి తీస్తుంది. ఇవన్నీ శిక్షణలో నీకు ఎలాగూ చెబుతారు.

నా భయమంతా సూదుల గురించే. ఆసుపత్రి చెత్తపై 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది పసుపు సంచిలో, గొట్టాలు ఎర్ర సంచిలో, సూదులేమో అవి చీల్చుకొని బయటికి రాలేని గట్టి తెల్ల డబ్బాలో పడాలి. అయితే హడావిడిలో ఎవరో ఒకరు సూదిని సంచిలో పడేస్తారు. మా ఆసుపత్రిలో ఒక ఆయా, సంచిలో ఇంకాస్త చెత్త పట్టించాలని అరచేత్తో అదిమింది. సూది చేతి తొడుగును చీల్చుకొని బొటనవేలి మొదట్లో దిగింది. అప్పటి సూపర్‌వైజరు చెడ్డవాడేమీ కాడు, కానీ రిజిస్టరులో వ్రాస్తే కాంట్రాక్టరు తననే నిలదీస్తాడని భయపడి, స్పిరిట్ పూసుకొని పని చూసుకోమన్నాడు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు వీలైతే రెండు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. ఆమె నా దగ్గరికి వచ్చి ఏడ్చేసరికి ఆ గడువు కాస్తా దాటిపోయింది. చివరికి ఏ జబ్బూ రాలేదు కానీ, పరీక్షలు ముగిసేదాకా నెలల తరబడి ఆమె తన కంచం వేరుగా పెట్టుకొని, మనవడిని ఒళ్ళోకి తీసుకోలేదు.

బుజ్జీ, నువ్వు చిన్నప్పటినుంచి పెద్దవాళ్ళకు ఎదురు చెప్పి ఎరగవు. ఇంట్లో దాన్ని మంచితనమని మెచ్చుకున్నాం, ఆసుపత్రిలో మాత్రం ఆ మొహమాటం పనికిరాదు. నీ మనిషికి సూది గుచ్చుకుంటే, ఎవరేమన్నా సరే, పారే నీటి కింద సబ్బుతో కడిగించు, గాయాన్ని పిండనివ్వకు, స్పిరిట్ పూయనివ్వకు, ఉన్నపళంగా నువ్వే వెంటబెట్టుకొని క్యాజువాలిటీ వైద్యుడికి చూపించి, రిజిస్టరులో వేళతో సహా వ్రాయించు. ముప్పావు వంతు నిండగానే సంచి కట్టేయమను. దాన్ని చేత్తో అదిమేవారు కనబడితే కేకలు వెయ్యి. ఆ తరువాత పక్కన కూర్చోబెట్టుకొని టీ ఇప్పించు, ఎందుకు అరిచావో వాళ్ళకు అర్థమవుతుంది.

ఈ చెత్తను ముట్టుకొనే ప్రతివారికీ హెపటైటిస్ బీ, ధనుర్వాతం టీకాలు ఆసుపత్రే వేయించాలని ఆ నిబంధనల్లోనే ఉంది. కాంట్రాక్టు మనుషులని తప్పిస్తే ఊరుకోకు, నీ వాళ్ళందరి పేర్లతో కాగితం వ్రాసి ఇవ్వు. హెపటైటిస్ టీకా మూడు మోతాదులు, ఆరు నెలల్లో పూర్తవుతాయి. ముందు నీది వేయించుకొని నాకు ఫోను చెయ్యి, రాత్రి డ్యూటీకి ఖాళీ కడుపుతో మాత్రం వెళ్ళకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ